తాళం వేసిన ముంత

మ్యూనిక్
10 అక్టోబర్ 1949, సోమవారం

అక్కకు యేసయ్య వందనాలు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు నేను భోజనం ముట్టకుండా పూటకూళ్ళ ఇంట్లోంచి లేచి వచ్చేశాను. ఈ మేస్త్రీ దగ్గర కొయ్యకాళ్ళ పని ఇక నేర్చుకోను. ఏప్రిల్ దాకా ఉండి రమ్మని పంపిన మన దవాఖాన డాక్టరు గారికి ఏం చెప్పాలో నువ్వే ఆలోచించు. మొదటి కాలు బావకే చేస్తానన్న మాట మరచిపోలేదు. అయినా ఇక్కడ ఉండలేను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మేస్త్రీ పేరు కోర్బీనియన్. అరవైకి దగ్గర. మొదటి యుద్ధంలో కుడికాలు పోయింది. ఇప్పుడు తొడుక్కునేది సొంతంగా చెక్కుకున్నదే. నేను చేరి మూడు వారాలైంది. ఆదివారం తనతో భోజనానికి రమ్మని సైగ చేసి చెప్పాడు.

మన కల్లు దుకాణాన్నీ భోజన హోటల్నీ ఒక్క కప్పు కిందికి తెస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది ఆ ఇల్లు. పొగకు నల్లబడిన చెక్క గోడలు, మూలన పచ్చ పెంకుల పొయ్యి. ఇంకో మూలన గోడకు సిలువ, దాని కింద గుండ్రటి బల్ల. బల్ల చుట్టూ తొమ్మిది మంది. మేస్త్రీ వేలి కణుపులతో బల్ల మీద రెండుసార్లు కొట్టాడు. వాళ్ళూ కొట్టారు. అదే వాళ్ళ దండం. వడ్డించే ఆమె నడుముకు కత్తెర వేలాడుతుంది. మాంసానికి, కొవ్వుకు ఎవరి రేషన్ కార్డులోంచి వారికి చిన్న ముక్క కత్తిరించి జేబులో వేసుకుంటుంది.

అందరి ముందుకూ బూడిద రంగు పింగాణీ ముంతలు వచ్చాయి. నా ముందు పెట్టలేదు. ఇంటి యజమానురాలు క్రెసెంజ్ నడుముకు కట్టుకున్న గుడ్డ కింది నుంచి తాళంచెవి తీసింది. గోడకు ఇనుప కడ్డీల అర ఒకటుంది. దాన్ని తెరిచి, పద్నాలుగో నంబరు ముంత తీసి, విడిగా కడిగి నా ముందు పెట్టింది. బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. తొమ్మిది మంది ఆ ముంతనే చూశారు.

నాకు అర్థం కావడానికి భాష అక్కర్లేదు. సూర్యాపేట బస్సుల దగ్గరి హోటల్లో మన గ్లాసు చూరు కింద ఉంటుంది. ఇక్కడ తాళం వేసి పెడతారు. ముంత తీసుకొని పెరట్లో పంపు దగ్గర కడిగాను. అక్కడ ఎట్లా చేస్తామో అట్లాగే కిటికీ గట్టు మీద బోర్లించాను. ఎవరికీ చెప్పకుండా గదికి వచ్చాను.

తిరుగు ఓడ సంగతి కనుక్కొని రాయి.

నీ తమ్ముడు
యేసయ్య


సూర్యాపేట
24 అక్టోబర్ 1949

తమ్ముడు యేసయ్యకు,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. మీ బావకు పైకి చదివి వినిపించాను. ముందు నేనొక్కదాన్నే చదువుకోవలసింది. సగంలోనే చేత్తో ఆపమన్నాడు.

"వాన్ని రమ్మని రాయి. గసుంటి ముంతల తాగుకుంట వాడు చెక్కిన కాలు నాకొద్దు. రెండు కర్రలున్నయ్, సాలు."

కాగితం మీద కాలు పెట్టించి గీతగీసి, కొలతలు పంపమని నువ్వు సెప్టెంబర్‌లో రాశావు. కాగితం తెచ్చి పెట్టాను. ఇప్పుడు దాని మీద కాలు పెట్టనంటున్నాడు.

ఆయన కోపానికి ఇంకో కారణం ఉంది. పోయిన గురువారం హోటల్ దగ్గర జరిగింది. గుండు తగిలి కాలు తీసేసిన తర్వాత ఆయన అక్కడికి వెళ్ళడం అదే మొదలు. చంకల కింద రెండు కర్రలు పెట్టుకొని నిలబడ్డ మనిషి గ్లాసు పట్టుకోలేడు. లోపలికి వెళ్ళి బెంచీ చివర కూర్చున్నాడు. హోటలాయన వచ్చాడట.

"ఏం జానయ్యా, కొత్తగ వచ్చినవా? నీకు తెల్వదా? గాడ నిలవడి తాగు."

"నిలవడ్త గని, గ్లాసు వట్టేటందుకు మూడో చెయ్యి నువ్విస్తవా?"

ఒకరిద్దరు నవ్వారట. టీ వచ్చింది. బెంచీ మీదికే వచ్చింది కాని చూరు కింది గ్లాసులోనే వచ్చింది. తాగకుండా లేచి వచ్చాడు. రెండు రోజులకు నీ ఉత్తరం వచ్చింది.

నాకు మాత్రం నువ్వు రాసినదాంట్లో కొన్ని పొసగడం లేదు. బడిలో నలభై ఇద్దరు పిల్లల గొడవలు రోజూ తీర్చేదాన్ని, అడగకుండా ఉండలేను. నిన్ను ఎక్కడ కూర్చోబెట్టారు? వాళ్ళ బల్ల దగ్గరే అయితే, మనల్ని దూరం పెట్టేవాళ్ళు బల్ల దగ్గరికి ఎందుకు రానిస్తారు? ఆ అరలో ఒక్క ముంతే ఉందా, ఇంకా ఉన్నాయా? ఉంటే అవి ఎవరివి? కడగమని నీకు ఎవరైనా చెప్పారా, నువ్వే కడిగావా? ఇంకొకటి. మేస్త్రీ ముందు ఏ ముంత ఉంది?

ఇవి తెలిసిన తర్వాత రమ్మంటే రా, నేనే డాక్టరు గారికి చెబుతాను. తెలియకముందు పెట్టె సర్దకు.

వానలు తగ్గాయి. బడి పైకప్పు రెండు చోట్ల కారుతోంది. చలికి ఉన్ని బనీను వేసుకుంటున్నావా?

రూతక్క


మ్యూనిక్
28 అక్టోబర్ 1949

అక్కకు,

నీ జవాబు ఇంకా రాలేదు. ఈలోపు జరిగినవి రాస్తున్నాను.

ఆ ఆదివారం నుంచి మేస్త్రీ నాతో మాట్లాడడం లేదు. పని మాత్రం దాచడం లేదు. చీలమండ దగ్గర కీలు ఎట్లా కూర్చోవాలో చేతులు పట్టుకొని చూపించాడు. అది ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

14వ తేదీ పొద్దున నా పనిబల్ల మీద ఒక పొట్లం ఉంది. వార్తాపత్రిక విప్పితే లోపల ఆ ముంతే. పద్నాలుగు. సంగతి తెలిసిపోయింది. నీ గిన్నె నువ్వే తెచ్చుకో, మా అరలో వద్దని పంపారు. మన దగ్గర పెళ్ళి భోజనాలకు ఇంటి నుంచి పళ్ళెం తెచ్చుకోమనేవాళ్ళు గుర్తున్నారా?

విసిరికొడదామనుకున్నాను. ముంత గోడ మందంగా ఉంది, వేడి ఆగుతుంది. చెక్కలు అతికే జిగురు దాంట్లో వేడిచేయడం మొదలుపెట్టాను. మర్నాడు మేస్త్రీ వచ్చి, ఉడుకుతున్న ముంతను చూసి, బయటికి వెళ్ళి చుట్ట కాల్చుకున్నాడు.

ఆదివారాలు గదిలోనే రొట్టె, ఉడికిన ఆలుగడ్డలు. ఈ భాషలో ఇరవై మాటలు వచ్చాయి. పదిహేను పనిముట్ల పేర్లే. బనీను వేసుకుంటున్నాను.

యేసయ్య


సూర్యాపేట
11 నవంబర్ 1949

తమ్ముడూ,

ఇది చిన్న ఉత్తరం. తపాలా మూసేలోపు వేయాలి.

మీ బావ నాకు చెప్పకుండా పోయిన నెల 27న దవాఖానకు వెళ్ళి డాక్టరు గారితో మాట్లాడాడు. ఆయన అదే రోజు మ్యూనిక్‌కు తంతి కొట్టారు, నిన్ను వెనక్కి పంపమని. కంపౌండరు రామనర్సయ్య నిన్న దారిలో కనిపించి, "మీ తమ్ముడు ఎన్నడొస్తుండు టీచరమ్మా?" అని అడిగితే నాకు తెలిసింది.

ఇంటికి వచ్చి ఆయన్ని అడిగాను. "నీ తమ్ముని ఇజ్జత్ కోసమే చేసిన," అన్నాడు.

నా ప్రశ్నలకు నీ జవాబు ఇంకా చేరలేదు. ముంతలో జిగురు కాచిన సంగతి చదివాను. ఆ పని అడిగి తెలుసుకున్న తర్వాత చేయవలసింది. పంపినవాళ్ళు తిట్టదలిస్తే వార్తాపత్రికలో చుట్టి పంపరు.

అడుగు. ఇంకా అడగకపోతే ఇవాళే అడుగు.

అక్క


మ్యూనిక్
14 నవంబర్ 1949, సోమవారం

అక్కకు,

నీ అక్టోబర్ ఉత్తరం మంగళవారం చేరింది. నిన్న ఆదివారం ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళాను. పనిశాల గుమాస్తా ఆగ్నెస్‌కు ఇంగ్లీషు వచ్చు, ఆమెను వెంట రమ్మని బతిమాలాను. నీ ప్రశ్నలు కాగితం మీద రాసుకొని, అడిగి, జవాబులు పక్కన రాసుకున్నాను.

అరలో ముంతలు ఇరవై ఆరు. ఒక్కొక్కటి ఒక్కొక్కరిది. ఏళ్ళ తరబడి వచ్చేవాళ్ళకు సొంత ముంత ఉంటుంది. ఇతరులు దాంట్లో తాగరు, అందుకే తాళం. కొత్తగా వచ్చినవాళ్ళకు, దారిన పోయేవాళ్ళకు వడ్డన అరుగు మీద పెట్టే నంబరు లేని ముంత. సిలువ కింది గుండ్రటి బల్ల కూడా వాళ్ళదే. ఊరివాళ్ళు పిలవకుండా అక్కడ కూర్చోరు. నన్ను అక్కడే కూర్చోబెట్టారు. కడగమని నాకు ఎవరూ చెప్పలేదు.

పద్నాలుగో నంబరు మేస్త్రీది. ఇరవై రెండేళ్ళుగా ఆయనదే. ఆ రోజు ఆయన ముందు అరుగు మీది ముంత ఉంది. అది నేను చూశాను అక్కా. నీకు రాయలేదు. కోపంలో అది నాకు సాక్ష్యంగా కనిపించలేదు. బల్ల దగ్గర మాటలు ఆగింది కూడా అందుకే. కోర్బీనియన్ తన ముంత ఇంకొకరికి ఇవ్వడం వాళ్ళు ఎప్పుడూ చూడలేదు.

తర్వాత ఆయనకు జరిగింది విను. వాళ్ళు మాట్లాడేది పట్నపు జర్మన్ కాదట, ఊరి మాట. ఆగ్నెస్ ఇంగ్లీషులో చెప్పింది, నేను మన మాటలో రాస్తున్నాను. నేను లేచి వెళ్ళింది మొదలు బల్ల చుట్టూ ఒకటే ఎగతాళి. "ఏం కోర్బీనియన్, ఇరవై రెండేండ్ల సంది తోమినవా లేదా? పిలగాడు పెరట్లకు వొయ్యి కడుక్కునె!" తన ముంత మురికిదని నేను అనుకున్నానని ఆయన కూడా నమ్మాడు. సిగ్గుపడి, క్రెసెంజ్ చేత ఇసుకతో తోమించి నా బల్ల మీద పెట్టించాడు. ఇచ్చినది ఇచ్చినట్టే, నువ్వే ఉంచుకో అని.

దాంట్లోనే నేను జిగురు కాచాను.

నేను ఎందుకు లేచానో చెప్పక తప్పలేదు. చూరు కింది గ్లాసు సంగతి, బావ కర్రల సంగతి మొత్తం చెప్పాను. ఆగ్నెస్ రెండుసార్లు ఆగి, సరిగా విన్నానా అని నన్ను అడిగింది. అందరూ విన్నారు. కోర్బీనియన్ చాలాసేపు ముక్కు గోక్కున్నాడు.

"జిగురు మంచిగ కాగిందా?" అన్నాడు.

"మంచిగనే కాగింది."

"మందమున్నది గదా, సెగ ఆగుతది. గింతకాలం దాంట్ల బీరు వోసి ఖరాబు చేసిన."

బల్లంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. తర్వాత ఆయన అడిగాడు, "మరి మీ బావ రెండు కర్రల మీద నిలవడి గ్లాసెట్ల వట్టుకుంటడు?"

నీ ఉత్తరం నా జేబులో ఉంది. బావ హోటలాయనకు చెప్పిన మూడో చెయ్యి మాట చదివి వినిపించాను. నాకు తెలిసి తొమ్మిది మందిలో నలుగురికి కాలో చెయ్యో లేదు. ఈసారి నవ్వు వేరే రకంగా వచ్చింది.

భోజనం చేశాను. పందిమాంసం ఒక ముక్క, పిడికిలంత ఆలుగడ్డ కుడుము, పులియబెట్టిన క్యాబేజీ. కుడుమును కత్తితో కోస్తుంటే జారి పక్కాయన పళ్ళెంలో పడింది. క్రెసెంజ్ వచ్చి, "చేత్తో తిను బిడ్డా, ఎవలేమంటరు?" అంది. తాగనని ప్రమాణం చేసిన సంగతి చెప్పాను. ఆపిల్ రసం పోసింది. నీ ప్రశ్నలు చదివాక, వెళ్ళేముందే జిగురు గీరి, రెండుసార్లు ఉడకబెట్టి పద్నాలుగో ముంతను తీసుకెళ్ళాను, దాంట్లోనే పోసింది. అడుగున గోధుమ రంగు మరక పోలేదు.

ఇప్పుడు చిక్కు ఇది. డాక్టరు గారి తంతి ఇక్కడికి చేరి రెండు వారాలు దాటింది. అది ఎందుకొచ్చిందో ఇక్కడ ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. పనిశాల యజమాని ఈ నెల 30న నా పేరు కొట్టేస్తాడు. డిసెంబర్ 10 ఓడకు టికెట్ కూడా రాసిపెట్టారు. మేస్త్రీ వెళ్ళి అడిగాడు. పంపినవాళ్ళే మళ్ళీ తంతి కొడితే తప్ప వీలు కాదన్నాడట.

బావకు ఇది చదివి వినిపించు. ఈసారీ పైకే చదువు. కొలతలు కావాలి.

నీ తమ్ముడు యేసయ్య


సూర్యాపేట
3 డిసెంబర్ 1949, శనివారం

తమ్ముడికి,

నిన్ను అక్కడే ఉంచమనే తంతి బుధవారం, 30వ తేదీ పొద్దున తొమ్మిది నలభైకి మిర్యాలగూడ తపాలా ఆఫీసు నుంచి వెళ్ళింది. రసీదు నా దగ్గర ఉంది. అక్కడ ఇంకా తెల్లవారలేదని పోస్టుమాస్టరు లెక్కకట్టి చెప్పాడు.

నీ ఉత్తరం 28 సోమవారం సాయంత్రం వచ్చింది. దవాఖానకు వెళితే డాక్టరు గారు పర్యటనలో ఉన్నారన్నారు. మంగళవారం కోదాడ, అక్కడి నుంచి మిర్యాలగూడ. బడికి సెలవు పెట్టి మంగళవారం మొదటి బస్సు ఎక్కాను. మునగాల దగ్గర చక్రం గాలి పోయి గంటన్నర ఆగాం. కోదాడ చేరేసరికి రోగులు లేచి వెళుతున్నారు. అక్కడి ఆయా చెప్పింది, "ఇప్పుడే బయలుదేరారమ్మా, దుమ్ము కూడా ఇంకా అణగలేదు చూడండి." సారమ్మ పిన్ని ఇంట్లో తిని, మధ్యాహ్నం బస్సులో మిర్యాలగూడ వెళ్ళాను.

బుధవారం పొద్దున ఎనిమిదికి డాక్టరు గారు విడిదిలోంచి బయటికి రాగానే నీ ఉత్తరం చేతికిచ్చాను. నిలబడే చదివారు. జిగురు దగ్గర కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీవాళ్ళు అడగకుండానే తంతి కొట్టమంటారు, నేను అడగకుండానే కొడతాను," అని తనే తపాలా ఆఫీసుకు నడిచారు.

ఇక మీ బావ. గురువారం మధ్యాహ్నం ఆయనకు పైకి చదివాను. చివరిదాకా ఆపలేదు. తర్వాత మొదటి సగం మళ్ళీ చదవమన్నాడు.

"ఆయన సొంతముంతనేనా? ఇంకొగనికి ఇయ్యనిదా?"

"అట్లాగే రాశాడు."

"మరి గదే ముచ్చట ఆనాడే అడగొద్దా?"

"ఎట్ల అడుగుతడు? మనకు విడిగ పెట్టిన గ్లాసంటే ఒక్కటే తెలుసు గదా."

నువ్వు తప్పుగా అర్థం చేసుకున్నావని నేను ఆ రోజు నుంచీ అనుమానిస్తూనే ఉన్నాను. నిన్ను తప్పుపట్టలేను. నేను ఇక్కడ కుర్చీలో కూర్చొని ప్రశ్నలు రాశాను. ఆ బల్ల దగ్గర ఉండి ఉంటే నేనూ లేచేదాన్నేమో.

మీ బావే, "కాయిదం పరువు," అన్నాడు.

బడి నుంచి తెచ్చిన మూడు పెద్ద కాగితాలు మెతుకులతో అతికించాను. మోకాలి కింద మిగిలిన కాలు చుట్టూ గీత గీశాను. రెండేసి అంగుళాలకు ఒక చుట్టుకొలత. మంచి కాలును కూడా గీయాలన్నాను.

"గదెందుకు? దాన్ని గూడ కట్టెతోని చేస్తడా?"

"రెండు సమానంగ ఉండాలె గదా."

"ఇన్నేండ్లల నన్ను దేనికన్న సమానంగ కొలిచిండ్రా? కొల్వు."

గీసేటప్పుడు చక్కిలిగిలి పెట్టిందని రెండుసార్లు కాలు లాక్కున్నాడు. మడమ దగ్గర గీత వంకర పోయింది అందుకే. పక్కన సరైన కొలత అంకెలతో రాశాను, అంకెనే నమ్ము.

హోటల్‌కు ఆయన గురువారం గురువారం వెళుతున్నాడు. లోపలి బెంచీ మీదే కూర్చుంటాడు. చూరు కింది గ్లాసే వస్తుంది. తాగకుండా వస్తాడు. మొన్న నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఇప్పుడు రెండు గ్లాసులు చల్లారుతున్నాయి.

కాగితాలు ఈ ఉత్తరంతోనే విమాన తపాలాలో వేస్తున్నాను.

మీ రూతక్క


మ్యూనిక్
19 డిసెంబర్ 1949, సోమవారం

అక్కకు, బావకు,

కొలతలు శుక్రవారం చేరాయి. ఒక్క మడత కూడా చిరగలేదు. తంతి 30వ తేదీ పదకొండు గంటలకే అందింది. ఓడ టికెట్ రద్దయింది. ఏప్రిల్ 15 దాకా నా పేరు ఉంది.

నిన్న ఆగ్నెస్‌ను కూడా వెంటబెట్టుకొని, మేస్త్రీ ఆ కాగితాలను భోజనానికి తెచ్చాడు. గుండ్రటి బల్ల మీద పళ్ళేలు జరిపి పరిచాడు. అందరూ లేచి వంగి చూశారు. క్రెసెంజ్ మాంసం పులుసు తెస్తూ వాళ్ళను కసిరింది. "ఇది భోజనాల బల్లనా, దవాఖాననా? జరుగుండ్రి!" అప్పటికే ఒక చుక్క బావ కాలివేళ్ళ దగ్గర పడింది. కొలతలకేమీ కాలేదు.

వంకర గీతను అందరికంటే ముందు మేస్త్రీ పట్టుకున్నాడు. చక్కిలిగిలి అని చెప్పాను. "అయితే మనిషి మంచోడే," అన్నాడు. తర్వాత గంటసేపు వాదన. ఇక్కడి కాలు కుర్చీలో కూర్చునేవాడి కోసం చేసింది, బూటు లోపల ఉండే పాదం. బావ కింద కూర్చుంటాడు, పొలం గట్టు మీద నడుస్తాడు, బురదలో దిగుతాడు అన్నాను. మోకాలు మిగిలింది కాబట్టి కింద కూర్చోవచ్చు, వెనక అంచు తగ్గించి చెక్కాలన్నాడు. పాదం మాత్రం వాళ్ళకు కొత్త. చేయి లేని ఒకాయన, సైకిల్ టైరు రబ్బరు అడుగున వేయమన్నాడు. ఇంకొకాయన, బురదకు చెక్క ఉబ్బుతుందని కొట్టిపారేశాడు. చివరికి కోర్బీనియన్ నా వైపు తిరిగి, "మీ బావ చెప్పు తొడుగుతడా, ఉత్త కాలేనా?" అని అడిగాడు. నేను చెప్పలేకపోయాను. కాలు పోకముందు ఆయన చెప్పులు చేతిలో పట్టుకొని నడవడమే నాకు గుర్తుంది. ఇప్పుడు ఎట్లా నడవదలచుకున్నాడో ఆయన్నే అడిగి రాయండి. పాదం ఫిబ్రవరిలో గాని మొదలుపెట్టం.

పిక్క భాగం ముందు. మిగిలిన కాలు దూరే లోపలి గిన్నె కొంచెం బిగుతుగా వదిలి తెస్తాను. సూర్యాపేటలో బావకు తొడిగి చూసి, నొప్పి ఉన్నచోట తొలుస్తాను. చెక్క ఎంచాం, తేలిక రకం, ఏడేళ్ళు ఆరినది. దాని మీద పెన్సిల్‌తో బావ పేరు నేను తెలుగులో రాశాను, మేస్త్రీ కింద జర్మన్‌లో రాశాడు.

పనిశాల 24 నుంచి మూసేస్తారు. జనవరి 2, సోమవారం, పొద్దున ఏడున్నరకు తెరిచి చెక్కను పనిబల్లకు బిగిస్తాం. మొదటి కోత నేనే కోయాలన్నాడు మేస్త్రీ.

యేసయ్య